సున్నాలో పట్టే పురుగు

"ఇది నల్లి కాదండీ."

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువసార్లు అన్న మాట ఇదే. ఫోన్లో అన్నాను, ఈమెయిల్లో రాశాను, ఒకసారి పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటోలో కూర్చుని పక్క ఆటోలో ఉన్న పెద్దమనిషికి కేకేసి మరీ చెప్పాను. పాపం, జవాబు కోసం ఎదురుచూస్తున్నాడట. నన్ను గుర్తుపట్టి "మేడం, మా ఫోటో చూశారా?" అని అడిగాడు. చూశాను, నల్లి కాదు అన్నాను. గ్రీన్ లైటు పడింది. ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మాది తెనాలి పక్కన ఒక ఊరు. జువాలజీ చదువుకుని, హైదరాబాదు వచ్చి, పంజాగుట్టలో ఒక పెస్ట్ కంట్రోల్ కంపెనీలో చేరాను. జనం తెచ్చిన పురుగు ఏదో చూసి చెప్పడం నా పని. మా ఆఫీసు ఒక మిఠాయి దుకాణం మీద, రెండో అంతస్తులో. కిటికీ తెరిస్తే నెయ్యి వాసన, మూస్తే మందు వాసన. నేను తెరిచే ఉంచేదాన్ని. అందుకే రిటైరయ్యేనాటికి ఇంత లావయ్యాను.

ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు మా ఇంటికి వస్తున్నారు. వాళ్ల ఫోన్లలో ఫోటో పెడితే పురుగు పేరు చెప్పేసే ఏర్పాట్లు ఉన్నాయి. "అవేమీ లేకుండా మీరెలా చేశారు మేడం?" అని అడుగుతారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి అడక్కండి. నాకు వచ్చింది ఒక్కటే, మామూలు కుర్చీ పోయి గుండ్రంగా తిరిగే కుర్చీ వచ్చింది. అది కూడా కొన్నాళ్లకు తిరగడం మానేసింది.

పువ్వు బొమ్మ మీట

ముందు పురుగుల సంగతి చెప్పాలి. మా గదికి వచ్చినవాటిలో నాకు ముచ్చటైనవి రెండు. ఒకటి చెట్ల బెరడు మీద గుంపుగా బతికేది, బార్క్‌లైస్ అంటారు. రెండోది ఇళ్లలో చెమ్మ పట్టిన గోడల మీద, పాత కాగితాల్లో తిరిగేది, బుక్‌లైస్. రెండూ ఒకే వంశం. నాచు, బూజు, కాగితానికి అంటిన జిగురు తిని బతుకుతాయి. కుట్టవు, కరవవు, మన రక్తంతో వాటికి పనిలేదు.

లైస్ అంటే పేలు కదా అని మొదట్లో నేను "పుస్తకాల పేలు" అని తెలుగులో చెప్పేదాన్ని. పేలు అనగానే అవతలివాళ్ల చెయ్యి తలలోకి పోయేది. ఒకావిడ నా మాట విని ఇద్దరు పిల్లలకీ గుండు కొట్టించేసింది. అప్పటినుంచీ "బూజు తినే పురుగు" అంటున్నాను. మనం చెప్పే పేరు విని అవతలివాళ్లు ఏం చేస్తారో ఆలోచించుకుని పేరు చెప్పాలి. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ రాయరు.

నేను చేరిన కొత్తలో పురుగులు అగ్గిపెట్టెల్లో వచ్చేవి. తరవాత సాఫ్ట్‌వేర్ రోజులొచ్చాయి. అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా ఒక ఇన్‌స్టిట్యూట్, పక్కనే ఇంటర్నెట్ సెంటర్, దాని పక్కనే జిరాక్స్ షాపు. ఊరంతా అపార్ట్‌మెంట్లు లేచాయి. ప్లాస్టరింగ్ తడి ఆరకముందే గృహప్రవేశాలు చేసి చేరిపోయేవారు. తడిగోడకు బూజు పట్టేది, బూజుకు ఈ పురుగులు చేరేవి. అప్పుడే డిజిటల్ కెమెరాలు కూడా వచ్చాయి కాబట్టి, అగ్గిపెట్టెలు పోయి ఈమెయిల్లో ఫోటోలు రావడం మొదలైంది.

ఆ ఫోటోలు చూస్తే ఏడుపొచ్చేది. ఆ కెమెరాల్లో దగ్గరి వస్తువుల్ని తీయడానికి ఒక మీట ఉంటుంది, దాని మీద పువ్వు బొమ్మ ఉంటుంది. అది పూలు తీయడానికి మాత్రమే అని ఊరందరి నమ్మకం. "పువ్వు బొమ్మ నొక్కి తీయండి" అని చెబితే "నేను తీసేది పురుగుని కదండీ" అనేవారు. ఇంకొకాయన కంప్యూటర్ మీద ఫోటోని పెద్దది చేసి చూసుకుని "బొద్దింకంత ఉంది మేడం" అని బెదిరిపోయాడు. అందుకని పురుగు పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీయమనేదాన్ని, సైజు తెలియడానికి. ఒకతను పంపిన ఫోటోలో రూపాయి ఒక్కటే ఉంది. పురుగేదీ అంటే "రూపాయి కింద ఉంది మేడం, పారిపోతుందని పెట్టాను" అన్నాడు.

ఫోటో పంపినవాళ్లు ఎవరూ పురుగు పేరు అడగరు. వాళ్లు అడిగేవి మూడే. కుడుతుందా? పక్కింటివాళ్లకు తెలుస్తుందా? ఇల్లు ఖాళీ చెయ్యాలా? ఈ మూడింటికీ జవాబు చెప్పాక లాటిన్ పేరు చెప్పండి, అప్పుడు ఓపిగ్గా వింటారు.

వేపచెట్టుకు వేలు

మా కంపెనీ యజమాని యాదగిరి సార్. మనిషి మంచివాడు, కాకపోతే మందు మీద భక్తి ఎక్కువ. నా గది గుమ్మంలో నిలబడి "మేడం, గీ ఫోటోల పంచాయితి మనకెందుకు? మందు కొట్టిపిద్దాం. పురుగు పోతది, దాని పేరు సుత పోతది" అనేవాడు.

ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో ఉండే ఒక ఆఫీసరు గారు తమ పెరట్లోని వేపచెట్టు ఫోటో పంపారు. భయపడి దూరం నుంచి తీశారు. చెట్టు మొదలు మీద బూడిద రంగు మరక, దానిమీద పల్చటి సాలెగూడులాంటి తెర తప్ప ఏమీ కనిపించడం లేదు. చెట్టు చచ్చిపోతోంది, రేపే వచ్చి మందు కొట్టండి, లేకపోతే కొట్టించేస్తాను అని రాశారు. కొట్టించేస్తానన్నది చెట్టుని. యాదగిరి సార్ అప్పుడే బండికి కబురు పెట్టాడు.

నేను ఫోన్ చేసి, ఆ మరకకి వేలు ఆనించి చూడమన్నాను. అటెండరుని పిలుస్తానన్నారు. మీరే పెట్టండి సార్ అన్నాను. ఫోను అక్కడే ఉంచి వెళ్లారు. తిరిగొచ్చేసరికి ఆయన గొంతే మారిపోయింది. "మరక మొత్తం పక్కకి జరిగిందండీ. గొర్రెలమందలాగ అన్నీ కలిసి నడిచాయి" అన్నారు, పదేళ్ల పిల్లాడిలా. సరే, ఈసారి పువ్వు బొమ్మ నొక్కి దగ్గరగా తీయండి అన్నాను. ఆ ఫోటోలో అంతా తేలిపోయింది. ముందుకు ఉబ్బిన మొహం, పొడుగాటి మీసాలు, ఇంటికప్పులా వాలుగా మూసిన రెక్కలు. బార్క్‌లైస్. బెరడు మీద నాచు తింటున్నాయి, చెట్టుని ముట్టుకోవు, వదిలెయ్యండి అని చెప్పాను. తరవాత ఆయన ఇంటికొచ్చినవాళ్లందరిచేతా ఆ చెట్టుకి వేలు పెట్టించారని తెలిసింది.

బండి వెనక్కి వచ్చింది. యాదగిరి సార్ మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. అంతకుముందే ఒక అపార్ట్‌మెంట్‌లో తడిగోడకు అనవసరంగా మందు కొట్టి, పురుగులు మళ్లీ వచ్చి, వాళ్లచేత తిట్లు తిని ఉన్నాడు. కాసేపు ఆలోచించి, "ఇగ మేడం సంతకం లేంది బండి కదలదు" అని ఆఫీసులో అందరిముందూ రూలు పెట్టాడు. నాకు పట్టరాని సంతోషం. ఆ రూలు ఆయన మెడకే ఎలా చుట్టుకుందో ఇప్పుడు చెబుతాను.

ఆదివారం లోపల

అది వానాకాలం. మధురానగర్‌లోని ఒక లేడీస్ హాస్టల్ నుంచి లలిత అనే అమ్మాయి ఈమెయిల్ పంపింది. భీమవరం పిల్ల, అమీర్‌పేటలో జావా నేర్చుకుంటోంది. ఫోటోలు బోలెడు పెట్టింది. "మా హాస్టల్ నిండా నల్లులు, ఒళ్లంతా కుట్టేస్తున్నాయి, చూడండి" అని రాసింది. నాకొక్కదానికే రాస్తే బాగుండును. అవే ఫోటోలు ప్రింటు తీయించి, హాస్టల్ పేరుతో సహా ఇన్‌స్టిట్యూట్ నోటీసు బోర్డుకి అంటించింది.

ఆ మధ్యాహ్నమే హాస్టల్ నడిపే రజియా బేగం మా ఆఫీసుకి వచ్చింది. యాభై దాటిన మనిషి. తడిసిన గొడుగు గుమ్మం బయటే పెట్టి లోపలికొచ్చింది. ఆయాసం తీరకముందే మాట్లాడింది.

"మేడం, మా దగ్గర ఖట్మల్ ఉన్నయంటున్నరు. నల్లులు. ఉంటే ఉన్నయని చెప్పుండ్రి, మంచాలన్ని కాలబెడ్త. లేకుంటే లేవని చెప్పుండ్రి. ఆదివారం పిల్లల అమ్మానాయినలు వస్తున్నరు, సామాన్ తీస్కపోతమని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నరు."

యాదగిరి సార్ కళ్లు మెరిశాయి. మూడంతస్తుల హాస్టల్ మరి. "ఫికర్ చెయ్యకమ్మా. ఒక్క వారం ఖాళీ చేపియ్యి, మొత్తం మందు పట్టిస్త" అన్నాడు.

"వారం ఖాళీ చేస్తే మళ్ల వస్తరా సార్? పక్క గల్లీల నాలుగు హాస్టళ్లున్నయి. నా పొయ్యి ఆరిపోతది" అంది రజియా బేగం. ఆమె గొంతులో ఏడుపు లేదు, కోపమే ఉంది. "నా హాస్టల్‌ల నేల మీద అన్నం పెట్టుకోని తినొచ్చు. ఆ పిల్లకు జొరమొస్తే రాత్రంత పక్కన కూసున్న. నాకు ఒక్క మాట చెప్పకుండ గోడకు అంటిస్తదా?"

నాకు ఆవిడ మీద జాలి కలిగింది, కానీ జాలితో పురుగు మారదు. ఫోటోలు తెరిచాను. రూపాయి బిళ్ల లేదు. సైజు తెలిసే దారి లేదు. అప్పుడే పుట్టిన నల్లిపిల్ల కూడా ఇలాగే పాలిపోయి ఉంటుంది, మసక ఫోటోలో ఎవరైనా పొరబడతారు. కానీ ఒక సంగతి గమనించాను. అన్ని ఫోటోల్లోనూ పురుగు కూర్చున్నది కాగితం మీద. అచ్చు జిరాక్స్ కాగితం, ఏదో ప్రోగ్రాం లైన్లు. ఒక పురుగైతే సరిగ్గా ఒక సున్నా లోపల కూర్చుని ఉంది, ఇంకా చోటు మిగిలింది. దాని మీసాలు మాత్రం సున్నా గీత దాటి బయటికి పొడుచుకొచ్చాయి.

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు చెయ్యనివాళ్లు ఎవరు? మా రిసెప్షనిస్టు బ్యాగులో కూడా అలాంటి జిరాక్స్ కట్టే ఉంది. తెప్పించి స్కేలు పెట్టి సున్నాని కొలిచాను. పురుగు ఒక మిల్లీమీటరు. నల్లిపిల్ల కూడా సున్నాలో పట్టొచ్చు, కానీ దాని మీసాలు పొట్టివి. ఇక్కడ మీసాలు ఒంటితో సమానంగా పొడుగు, వెనకకాళ్ల తొడలు బలిసి ఉన్నాయి. పైగా నల్లులున్న ఇంట్లో ముసలమ్మ నుంచి మనవరాలి దాకా అన్ని సైజులూ ఉంటాయి. ఈ ఫోటోల్లో పెద్దది ఒక్కటీ లేదు.

"ఇవి నల్లులు కావమ్మా" అన్నాను. రజియా బేగం కళ్లు మూసుకుని ఏదో అనుకుంది.

"అయితే రాసియ్యుండ్రి."

"రాయలేను. ఫోటోలో ఉన్నది నల్లి కాదు, అంతే. ఫోటోలో లేనిది మంచంలో ఉందేమో నాకు తెలియదు. ఆ పిల్లని ఏదో కుట్టిన మాటైతే నిజం కదా."

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఫోటో చూసి ఉన్నదాని గురించి చెప్పొచ్చు. లేదని చెప్పాలంటే మాత్రం చెప్పులు వేసుకుని బయల్దేరాలి.

మంచం కింద మూట

శనివారం హాస్టల్‌కి వెళ్లాను. రజియా బేగం గొప్ప చెప్పుకోలేదు, నేల అద్దంలా ఉంది. లలిత గదిలోకి అడుగుపెట్టగానే చెమ్మవాసన కొట్టింది. మంచం వెనక గోడకు అవతల బాత్రూం. వానకి కిటికీలు మూసేశారు. అది చాలనట్టు, నల్లులు పోవాలని పిల్లలు పొద్దునా సాయంత్రం ఫినాయిల్ నీళ్లతో గోడలు తుడుస్తున్నారు. తుడిచినకొద్దీ గోడ తడిసింది, తడిసినకొద్దీ బూజు పెరిగింది, పురుగులకి రోజూ విందు.

"తుడుస్తుంటే ఇంకా ఎక్కువవుతున్నాయేంటండీ?" అంది లలిత. సన్నగా, రివటలా ఉంది, కళ్లకింద నలుపు. చేతుల నిండా దద్దుర్లు.

మిగతా గదులు ముందే చూసి వచ్చాను, ఇక్కడ కూడా పరుపులన్నీ తిరగేశాను. కుట్లలో నల్లమచ్చలు లేవు, వలిచిన పొట్టు లేదు, ఒక్క నల్లి లేదు. మంచాల చెక్కల సందులు కూడా టార్చితో చూశాను. తరవాత మంచం కింద పాత దుప్పట్లో కట్టిన పెద్ద మూట కనిపించింది. లాగబోతే లలిత అడ్డం వచ్చింది.

"అది ముట్టుకోకండి మేడం. అది లక్కీ మెటీరియల్."

ఆ హాస్టల్లో ఒక ఆచారం ఉందట. ఉద్యోగం వచ్చి వెళ్లిపోయే అమ్మాయి తన కోర్సు కాగితాలన్నీ ఆ మంచం మీదికి వచ్చే అమ్మాయికి వదిలి వెళ్లాలి. లలిత మంచం మీద అంతకుముందు పడుకున్నవాళ్లందరికీ ఉద్యోగాలొచ్చాయి. అందుకే మూట అంత పెద్దది. కొత్త కాగితాలు పైన దోపడమే తప్ప, విప్పితే అదృష్టం పోతుందని ఎవరూ విప్పరు, పక్కకి జరపరు. తడిగోడకి ఆనుకుని ఏళ్ల తరబడి అలాగే నానుతోంది.

"మరి నువ్వు ఫోటోలు తీసిన కాగితం ఎక్కడిది?"

"పైనున్నది ఒక్కటి లాగానండీ. తెల్ల కాగితం మీదైతే పురుగు బాగా కనపడుతుందని." అని, తప్పుచేసినట్టు చూసింది. "ఒక్క కాగితమే."

నేను దుప్పటి అంచు ఎత్తాను. కాగితాల మీద అవే పురుగులు, లెక్కలేనన్ని. లెన్సు ఇచ్చి చూడమన్నాను. ఆ పిల్ల చాలాసేపు చూసింది.

"వీటి నోటికి బూజు గీకడమే వచ్చు. నిన్ను కుట్టింది ఇవి కాదు."

"మరి ఏంటి కుట్టింది?"

కిటికీ పక్కన కూలర్ ఉంది. వానాకాలంలో కూలరెందుకని అడిగితే, దానిమీద టవల్స్ ఆరేసుకుంటామంది. టవల్స్ తీసి కూలర్ తొట్టిని పెన్నుతో తట్టాను. వేసవిలో పోసిన నీళ్లు ఇంకా అందులోనే ఉన్నాయి. తట్టగానే దోమపిల్లలు గిలగిలా తిరిగాయి.

"దోమలా?" అంది లలిత, మోసపోయినట్టు. "దోమలైతే మాకు తెలీదా అండీ?"

"పరుపులో వెతికితే ఎలా తెలుస్తుందమ్మా?"

గుమ్మంలో రజియా బేగం నిలబడి ఉంది. లలిత ఆవిడ వైపు చూడలేక కూలర్ వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆఫీసుకి వచ్చి చీటీ రాశాను. నల్లులు లేవు, మందు అక్కర్లేదు, తొట్టి ఖాళీ చెయ్యాలి, మంచం గోడకి దూరంగా జరపాలి, గదీ కాగితాలూ ఆరబెట్టాలి. సంతకం పెట్టి యాదగిరి సార్‌కి ఇచ్చాను. మూడంతస్తుల పని పోయింది. ఆయన చీటీ చదివి, నన్ను చూసి, మళ్లీ చీటీ చదివాడు.

"రూలు పెట్టింది నేనే గదా మేడం. ఏం జేస్త?" అన్నాడు. తలుపుదాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "మన గోదాంల పెద్ద ఫ్యాన్లు ఖాళీగున్నయి. పంపియ్యన్నా? జల్ది ఆరుతది." ఆయన్ని నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో, ఆ ఒక్క మాటకి అన్నీ వెనక్కి తీసుకున్నాను.

డాబా మీద

మూటని పారేద్దామంటే పిల్లలు ఒప్పుకోలేదు. ఇంటర్వ్యూల ముందు అదృష్టాన్ని చెత్తబండిలో వేస్తారా అన్నారు. నేను వాదించబోయాను. రజియా బేగమే అడ్డుపడింది. "నసీబ్‌ను ఎవరన్న పారేస్తరా మేడం? ఎండకు పెడ్దం, అంతే."

ఆదివారం దేవుడి దయవల్ల ఎండ కాసింది. నేను ఉండబట్టలేక పొద్దున్నే వెళ్లాను. డాబా నిండా వడియాలు పెట్టినట్టు కాగితాలు పరిచి, రాళ్లు పెట్టి, పిల్లలంతా చుట్టూ కూర్చున్నారు. ఏళ్ల తరవాత మూట విప్పారు కాబట్టి చదువుతున్నారు కూడా. చదివేకొద్దీ నవ్వులు. అందులో సగం కోర్సులు ఇప్పుడెవరూ చెప్పడం లేదట, వాటికి ఉద్యోగాలూ లేవట. అయినా ఒక్క కాగితం పారెయ్యనివ్వలేదు.

పది దాటాక అమ్మానాన్నలు రావడం మొదలైంది. మొదట మెట్లెక్కింది లలిత నాన్నగారే. రాత్రంతా బస్సులో వచ్చారు, చొక్కా నలిగిపోయి ఉంది, చేతిలో కూతురి సామాను సర్దడానికి తెచ్చిన ఖాళీ సూట్‌కేసు. ఆయన వెనకే మిగతావాళ్లు. పెద్దమనిషి ఏం చేస్తాడో మనమూ అదే చేద్దామన్నట్టు అందరూ ఆయన్నే చూస్తున్నారు. రజియా బేగం పిట్టగోడ దగ్గర నిలబడింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"ఏంటమ్మా ఇదంతా? పద, సామాను సర్దుకో" అన్నారాయన.

లలిత నా దగ్గరికొచ్చి లెన్సు అడిగింది. కిందనుంచి తెచ్చుకున్న ఆ ఒక్క కాగితాన్ని, ఫోటోల్లో ఉన్నదాన్నే, నాన్న చేతిలో పెట్టింది.

"ఇది నల్లి కాదు నాన్నా. ఈ సున్నాలో చూడు. బూజు తినే పురుగు, కుట్టదు. నన్ను కుట్టింది దోమలు, కూలర్ తొట్టి మేమే కడగలేదు." అందరికీ వినపడేలాగే చెప్పింది. "నోటీసు బోర్డులో నేను రాసింది తప్పు. పొద్దున్నే వెళ్లి చింపేసి వచ్చాను. ఆంటీ తప్పేం లేదు."

రజియా బేగం వేళ్లు ఆగిపోయాయి. లలిత నాన్నగారు లెన్సులోంచి చూస్తూనే ఉన్నారు. నేను నోరు తెరవబోయి, ఇది నా పని కాదని ఊరుకున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చెప్పాల్సిన మాట ఇంకొకరు చెబుతుంటే వినడం అదే మొదలు.

అంతలో గాలి లేచింది. ఒక మూల కాగితాలు రాళ్లకింద నుంచి జారి ఎగరబోయాయి. పిల్లలు "అయ్యో" అని లేచేలోపు లలిత నాన్నగారు రెండంగల్లో అక్కడికి వెళ్లి, కాళ్ల దగ్గరనుంచి అందుకున్న సూట్‌కేసుని వాటిమీద పెట్టేశారు. పక్కనే గొంతుకూర్చుని మిగిలిన కాగితాలు చేత్తో అదిమిపట్టి, తల తిప్పి రజియా బేగాన్ని అడిగారు.

"ఇంకో నాలుగు రాళ్లుంటే ఇప్పించండమ్మా."

ఆవిడ రాళ్లు తెచ్చింది, తరవాత అందరికీ చాయ్ తెచ్చింది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే సంచులు కిందపెట్టి కాగితాలు తిరగెయ్యడానికి కూర్చున్నారు. సూట్‌కేసు సాయంత్రం దాకా అక్కడే ఉంది. ఆయన భీమవరం బస్సెక్కినప్పుడు కూడా అది ఖాళీగానే ఉంది.